స్నేర్ డ్రమ్ము మీద తెగని పంచాయితీ

స్నేర్ డ్రమ్ము అడుగున చర్మానికి ఆనుకుని సన్నని ఉక్కు తీగల వరస ఒకటి ఉంటుంది. పైన పుల్ల పడగానే కింద ఆ తీగలు జరజరమంటాయి. రాక్ పాటలో చెవికి పదునుగా తగిలే ‘ఛట్’ చప్పుడు వాటి పుణ్యమే. డ్రమ్ము పక్కన చిన్న లీవరు ఉంటుంది. దాన్ని దించితే తీగలు చర్మాన్ని వదిలేస్తాయి. అప్పుడు ఖాళీ బిందె మీద గరిటెతో కొట్టినట్టు ఖంగుమంటుంది. 2003 జూన్‌లో వచ్చిన మెటాలికా ఆల్బమ్ ‘సెయింట్ యాంగర్’ గంటా పదిహేను నిమిషాల పాటు ఇలాగే ఖంగుమంటూ ఉంటుంది. డ్రమ్మర్ లార్స్ ఉల్‌రిక్ తర్వాత చెప్పిన ప్రకారం, ఒకరోజు రిఫ్ ధ్యాసలో పడి అతను లీవరు ఎత్తడం మర్చిపోయాడు. రికార్డింగు వెనక్కి పెట్టి వింటే ఆ మోత నచ్చింది. అలాగే ఉంచేశాడు. ఉంచేయడం తప్పా, ఒప్పా అన్న పంచాయితీ అభిమానుల మధ్య ఇరవై ఏళ్లు దాటినా తెగలేదు.

ఇంత చిన్న విషయం మీద ఇంత రాద్ధాంతమా అనిపించొచ్చు. మెటాలికా అభిమానులకు మాత్రం ఇది అలవాటైన విద్య. తమ బ్యాండు చెడిపోయిందని ఏ సంవత్సరం నుంచి లెక్కపెట్టాలన్నదే వాళ్లలో వాళ్లకు పెద్ద తగవు. 1981లో లాస్ ఏంజెలెస్‌లో ఉల్‌రిక్, గిటార్ వాయిస్తూ పాడే జేమ్స్ హెట్‌ఫీల్డ్ కలిసి మొదలుపెట్టిన బ్యాండు ఇది. మొదటి ఆల్బమ్ ‘కిల్ ’ఎమ్ ఆల్’ 1983లో వచ్చింది. మరుసటి ఏడాదే, రెండో ఆల్బమ్‌లో ‘ఫేడ్ టు బ్లాక్’ అనే పాట అకూస్టిక్ గిటార్‌తో నెమ్మదిగా మొదలయ్యేసరికి, అమ్ముడుపోయారన్న మాట పుట్టేసింది. వీడియోలు తీయని బ్యాండుగా పేరున్న వీళ్లు 1989లో ‘వన్’ పాటకు వీడియో తీశారు. మళ్లీ అదే మాట. 1991లో పాటలు పొట్టివయ్యాయి, 1996లో జుట్టు పొట్టిదయింది. రెండుసార్లూ అదే మాట. గట్టిగా లెక్కేస్తే ఈ బ్యాండు బాగున్న కాలం ఒక్క ఆల్బమ్ మందం మించదు.

ఈ తగవుల్ని ఓపిగ్గా వింటే రెండు వేర్వేరు ఫిర్యాదులు కలగాపులగమై కనిపిస్తాయి. ఒకటి దారి గురించి: అసలు ఇటువైపు ఎందుకొచ్చారని. రెండోది పనితనం గురించి: వచ్చారు సరే, పని ఇలా చేశారేమని. మొదటిదాన్ని తేల్చడం ఎవరి తరమూ కాదు. ఒకరికి చెల్లని దారి మరొకరికి రాజమార్గం. రెండోదాన్ని మాత్రం చెవులతో పరీక్షించొచ్చు, యంత్రాలతో కొలవొచ్చు, ఇంట్లో కూర్చుని సరిచేసి చూసుకోవచ్చు కూడా. ఈ బ్యాండు అభిమానులు ఆ మూడు పనులూ చేశారు. అందుకే వీళ్ల తగవు మామూలు అభిమానుల తిట్ల పురాణం కంటే వినదగ్గది.

మొదట 1988 దగ్గరికి వెళ్లాలి. ఆ ఏడాది వచ్చిన ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో బేస్ గిటార్ దాదాపు వినపడదు. వాయించినవాడు జేసన్ న్యూస్టెడ్. అంతకు రెండేళ్ల ముందు, 1986 సెప్టెంబర్ 27న, స్వీడన్‌లో బ్యాండు బస్సు బోల్తాపడి బేసిస్టు క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. కొన్ని వారాలకే ఆ స్థానంలోకి న్యూస్టెడ్‌ను తీసుకున్నారు. దుఃఖాన్ని ఎలా దిగమింగాలో తెలియని ఇరవై దాటిన కుర్రాళ్లు కొత్తవాణ్ణి ఏడిపించి ఆ కసి తీర్చుకున్నారు. ఇది వాళ్లే తర్వాత ఒప్పుకున్న సంగతి. కాబట్టి బేస్ ఎందుకు వినపడలేదన్న ప్రశ్నకు అభిమానుల దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ఒకటే: కక్ష.

కాస్త లోపలికి వెళ్తే కథ అంత తేలిగ్గా లేదు. న్యూస్టెడ్ స్టూడియోలో ఒక ఇంజినీర్‌తో కూర్చుని, బ్యాండు సభ్యులెవరూ పక్కన లేకుండా తన భాగాలు వాయించి వచ్చేశాడు. హెట్‌ఫీల్డ్ గిటార్ రిఫ్‌లను స్వరం వెంట స్వరంగా అనుసరించాడు. ఆ గిటార్ శబ్దంలో మధ్య పౌనఃపున్యాలు తగ్గించి, అడుగు బాగా నింపారు. సాధారణంగా బేస్ ఉండాల్సిన చోటును గిటారే ఆక్రమించింది. దానికి తోడు మిక్సింగు జరిగే రోజుల్లో బ్యాండు ‘మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్’ కచేరీల మధ్య స్టూడియోకు వచ్చి పోతూ ఉంది. రాత్రి స్టేడియం మోతలో మొద్దుబారిన చెవులతో పగలు తీర్పు చెప్పడమన్నమాట. బేస్‌ను వినీవినపడనంతగా దించమని, దించాక ఇంకా దించమని ఉల్‌రిక్ అడిగాడని మిక్సింగు చేసిన ఇద్దరిలో ఒకరైన స్టీవ్ థాంప్సన్ చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. ఎవరి మీదా కోపంతో చేసింది కాదనీ, తన డ్రమ్స్, హెట్‌ఫీల్డ్ గిటార్ పెంచుకుంటూ పోతే చివరికి బేస్ మాయమైందనీ ఉల్‌రిక్ కథనం. రెండూ నిజమయ్యే వీలుంది.

అభిమానులు ఇక్కడ నోటితో ఆగలేదు. మెటాలికా పాటలతో వీడియో గేములు వచ్చాక, వాటికోసం వాద్యాలవారీగా విడదీసిన ట్రాకులు కొన్ని బయటపడ్డాయి. కొందరు వాటిలోంచి బేస్ తీసి పెంచారు. అవి దొరకని చోట తామే వాయించి కలిపారు. అలా తయారైన దానికి ‘అండ్ జస్టిస్ ఫర్ జేసన్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. విన్నవాళ్లు రెండుగా చీలిపోయారు. ఇన్నాళ్లూ ఇదే కావాలనుకున్నామని కొందరన్నారు. బేస్ వచ్చాక ఆ పాటల్లోని ఎండిపోయిన కఠినత్వం పోయిందని మరికొందరు వాపోయారు. యుద్ధంలో కాళ్లూ చేతులూ, చూపూ మాటా పోగొట్టుకున్న సైనికుడి పాట ‘వన్’. అది వెచ్చగా, నిండుగా వినిపించాలా అన్నది న్యాయమైన ప్రశ్నే. లోపం ఉందని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి; లోపం నష్టమా కాదా అన్నచోట విడిపోయాయి. మెటాలికా ఆల్బముల్లో పనితనం పరంగా స్పష్టంగా తప్పు పట్టగలిగిన వాటిలో ఇదొకటి. అభిమానులు గుండెకు హత్తుకున్న వాటిలోనూ ఇదొకటి.

1991 నాటి నల్ల అట్ట ఆల్బమ్ గురించి చాలామంది చాలా మాట్లాడారు కాబట్టి క్లుప్తంగా ముగించొచ్చు. మోట్లీ క్రూ వంటి బ్యాండ్లకు పనిచేసిన బాబ్ రాక్‌ను నిర్మాతగా తెచ్చుకున్నారు. వేగం తగ్గింది, బేస్ తిరిగొచ్చింది, పాట నాలుగైదు నిమిషాల్లో ముగియడం నేర్చుకుంది. అమెరికాలో అమ్మకాలను సౌండ్‌స్కాన్ పద్ధతిలో లెక్కించడం అదే ఏడాది మొదలైంది. ఆ లెక్కల ప్రకారం అక్కడ కోటీ అరవై లక్షల ప్రతులు దాటిన ఆల్బమ్ ఇది. మన దేశంలో కేబుల్ టీవీతో పాటు ఎంటీవీ ఇళ్లలోకి వచ్చిన కాలమూ అదే. హైదరాబాద్, విశాఖల్లో ఇంజినీరింగ్ హాస్టళ్ల కుర్రాళ్లకు ‘ఎంటర్ శాండ్‌మన్’ రిఫ్ గిటార్ మీద మొదటి పాఠమైంది. వాళ్లకు ఈ బ్యాండు చరిత్ర మొదలయ్యేదే పాత అభిమానులు అయిపోయిందన్న చోట. దారి గురించిన తగవు ఎందుకు తేలదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక ‘లోడ్’. 1996 జూన్‌లో ఇది వచ్చేసరికి నలుగురూ జుట్టు కత్తిరించుకున్నారు. ఫొటోగ్రాఫర్ ఆంటన్ కార్బైన్ తీసిన చిత్రాల్లో కాటుక పెట్టుకుని, చుట్టలు పట్టుకుని కనిపించారు. బ్యాండు పేరులో మొదటి, చివరి అక్షరాల నుంచి బాణాల్లా దూసుకొచ్చే కొసల్ని కత్తిరించేశారు. అట్ట మీద బొమ్మ ఆండ్రెస్ సెరానో అనే కళాకారుడిది. రక్తాన్ని, వీర్యాన్ని రెండు ప్లెక్సీగ్లాస్ పలకల మధ్య అదిమి తీసిన ఫొటో. పాటల్లో బ్లూస్, దక్షిణాది రాక్ చేరాయి. ‘మామా సెడ్’ అయితే అచ్చంగా కంట్రీ పాట. ఆ అట్ట, ఆ వేషం తనకు రుచించలేదని, ఉల్‌రిక్, గిటారిస్టు కర్క్ హమ్మెట్‌ల ఉత్సాహం వెంట వెళ్లానని హెట్‌ఫీల్డ్ తర్వాతి ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అభిమానులకు ఇది అడగకుండానే దొరికిన వరం. చూశారా, ఆయనకే నచ్చలేదట!

అయితే హెట్‌ఫీల్డ్ తప్పుపట్టింది ముఖ్యంగా బొమ్మల్ని. అభిమానులు ఆ మాటను పాటల మీదికి లాగారు. జుట్టు, కాటుక పక్కనపెట్టి ‘బ్లీడింగ్ మీ’, ‘ది అవుట్‌లా టార్న్’ వింటే, ఈ కాలమ్ రాస్తున్న మనిషికి అవి మెటాలికా ఉత్తమ రచనల పక్కన కూర్చోబెట్టదగినవిగానే వినిపిస్తాయి. ‘లోడ్’ అసలు ఇబ్బంది దారి కాదు, పొడవు. సీడీలో పట్టినంతా నింపాలన్న పంతంతో 79 నిమిషాల అంచు దాకా పద్నాలుగు పాటలు పెట్టారు. సరిపోక మరుసటి ఏడాది ‘రీలోడ్’ పేరుతో మరో పదమూడు. మొత్తం ఇరవై ఏడు పాటల్లోంచి ఒక్క ఆల్బమ్‌కు సరిపడా పది ఏరి, వరస కూర్చి, ఇలా వచ్చుంటే తిట్లు తప్పేవి కదా అనుకోవడం చాలామంది అభిమానులకు ఇష్టమైన కాలక్షేపం. జుట్టు గురించి అరిచే గుంపు కంటే ఈ ఏరుకునేవాళ్లు సంపాదకుడి పనికి దగ్గరగా ఉన్నారు.

2000లో ఇంటర్నెట్‌లో పాటలు పంచుకునే నాప్‌స్టర్ మీద వేసిన దావా సంగీతపరమైన తప్పటడుగు కాదు గానీ, దాన్ని వదిలేస్తే తర్వాతి కథ అర్థం కాదు. తమ పాటలు పంచుకున్న 3,35,435 మంది వాడుకరుల పేర్ల జాబితా పట్టుకుని ఉల్‌రిక్ ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్లాడు. ఆ జాబితాలో ఉన్నది ఎక్కువగా తన అభిమానులే. మూడేళ్ల తర్వాత ‘సెయింట్ యాంగర్’ వినడానికి కూర్చున్నవాళ్లలో చాలామంది ఆ మంట ఆరకుండానే కూర్చున్నారు.

ఆ ఆల్బమ్ ఎలా తయారైందో దాచడానికి వీల్లేదు. జో బర్లింజర్, బ్రూస్ సినాఫ్‌స్కీ తీసిన ‘సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్’ (2004) డాక్యుమెంటరీలో మొత్తం కళ్లకు కడుతుంది. 2001 జనవరిలో న్యూస్టెడ్ బ్యాండు వదిలేశాడు. మిగిలిన ముగ్గురి మధ్య సయోధ్య కోసం నెలకు 40,000 డాలర్ల మీద ఒక చికిత్సకుడిని పెట్టుకున్నారు. పని మొదలైన కొన్నాళ్లకే హెట్‌ఫీల్డ్ మద్యం మాన్పించే కేంద్రంలో చేరాడు. నెలల తర్వాత తిరిగొచ్చి, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగింటి దాకే పని అన్నాడు. బేసిస్టు లేడు కాబట్టి నిర్మాత బాబ్ రాకే బేస్ వాయించాడు. ఒక దృశ్యంలో ఉల్‌రిక్ తండ్రి టోర్బెన్ కొత్త రికార్డింగు విని, తానైతే దీన్ని తీసిపారేస్తానని నిమ్మళంగా చెప్తాడు. కొడుకు మొహం చూడాలి.

గిటార్ సోలోలు ఒక్కటీ లేవన్నది ఈ ఆల్బమ్ మీద రెండో పెద్ద నేరారోపణ. సోలోలు పాతబడ్డాయన్న వాదన సినిమాలో నడుస్తుంటే, ఎప్పుడూ గొంతు పెంచని హమ్మెట్ ఎదురు తిరుగుతాడు. సోలో లేకపోవడమే ఈ పాటల మీద ఈ ఏడాది ముద్ర కొట్టేస్తుందన్నది అతని వాదన. ఫ్యాషన్‌కు భయపడి చేసిన పని ఎలా ముసలిదవుతుందో పని జరుగుతుండగానే ఒకడు చెప్పాడు, మిగతావాళ్లు వినలేదు. అభిమానులు ఏళ్ల తరబడి చేస్తున్న విమర్శ ఆ గదిలోనే ముందుగా వినపడిందన్నమాట. ఇంతకూ ఆ ఆల్బమ్ టైటిల్ పాటకు గ్రామీ వచ్చింది.

2015లో కొందరు వాద్యకారులు ఆల్బమ్ మొత్తాన్ని మొదటి నుంచి మళ్లీ వాయించి రికార్డు చేశారు. తీగలు బిగించిన స్నేర్, మామూలు రాక్ మిక్సింగు. దాన్ని విన్నాక, కింద మంచి పాటలే ఉన్నాయి, చప్పుడే చెడగొట్టిందన్నవాళ్లు ఉన్నారు. చప్పుడు బాగుపడ్డాక పాటల పొడవు మరింత బయటపడిందన్నవాళ్లూ ఉన్నారు. రెండో మాటలో పస ఉంది. ఒకే రిఫ్ తిరిగి తిరిగి వస్తుంటే ఏడెనిమిది నిమిషాల పాటను ఏ స్నేరూ మోయలేదు. మూల రికార్డులో ఆ ఖంగుమనే మోత కనీసం మనిషిని కుదురుగా కూర్చోనివ్వదు. ముగ్గురు మనుషులు ఒకరినొకరు భరించలేని గదిలోంచి వచ్చిన శబ్దం అది అని తెలిశాక, దాన్ని నున్నగా చేయడం న్యాయమా అన్న సందేహమూ వస్తుంది.

ఐదేళ్లకు నిర్మాత మారాడు. రిక్ రూబిన్ వచ్చాడు, సోలోలు వచ్చాయి, వేగం వచ్చింది. 2008 సెప్టెంబర్‌లో ‘డెత్ మాగ్నెటిక్’ విడుదలైంది. దారి గురించి ఫిర్యాదు లేదు. అభిమానులు అడిగినవన్నీ ఇచ్చారు. ఇచ్చిన పద్ధతే బెడిసికొట్టింది. డిజిటల్ రికార్డింగులో శబ్దానికి ఒక గరిష్ఠ స్థాయి ఉంటుంది, దాన్ని దాటలేం. పాట మొత్తం పెద్దగా మోగాలంటే చిన్న శబ్దాలను పైకి లేపి, హద్దు దాటబోయే డ్రమ్ము దెబ్బల కొసలు కోసేయాలి. ఎక్కువ కోస్తే దెబ్బ దెబ్బలా ఉండదు, బరబరమంటుంది. ఈ ఆల్బమ్ నిండా ఆ బరబరే.

ఇదంతా అభిమానులకు ఎలా తెలిసింది? అదే సమయంలో ‘గిటార్ హీరో’ వీడియో గేములోనూ ఈ పాటలు వచ్చాయి. గేములోకి వెళ్లినవి ఇంతగా నొక్కెయ్యని రూపాలు. రెండింటి తరంగాల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా పిల్లాడికీ కనిపిస్తుంది. గేములో ఎత్తుపల్లాలున్నాయి, సీడీలో నిండా నల్లటి దిమ్మ. వేలమంది సంతకాలతో మళ్లీ మిక్స్ చేయమని విన్నపం వెళ్లింది. మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సన్ ఒక అభిమానికి జవాబిస్తూ, తన చేతికి వచ్చేసరికే అవి అలా ఉన్నాయని రాశాడు. ఆ మాట పత్రికలకెక్కింది. సంగీత పరిశ్రమలో ఇంజినీర్లు ఏళ్లుగా తమలో తాము గొణుక్కుంటున్న శబ్ద స్థాయి పోటీ గురించి మామూలు శ్రోతలు బాహాటంగా మాట్లాడటానికి ఈ ఆల్బమ్ పెద్ద కారణమైంది. నిర్మాతల పేర్లు, మాస్టరింగ్ అంటే ఏమిటో, డైనమిక్ రేంజి అంటే ఏమిటో చెప్పగల మెటల్ అభిమాని అప్పుడు తయారయ్యాడు.

పరీక్షకు లొంగని ఆల్బమ్ ఒకటి మిగిలింది: 2011లో రాక్ గాయకుడు లూ రీడ్‌తో కలిసి చేసిన ‘లూలూ’. జర్మన్ నాటకకర్త ఫ్రాంక్ వెడెకిండ్ రాసిన రెండు నాటకాల ఆధారంగా రీడ్ రాసిన మాటలు, ఆయన మాట్లాడినట్టుండే గొంతు, వెనక మెటాలికా రిఫ్‌లు. పది పాటలు, 87 నిమిషాలు. ఒక పాటలో హెట్‌ఫీల్డ్ తనను తాను ఇంట్లో సామానుగా చెప్పుకునే వాక్యం ఏళ్ల తరబడి వెక్కిరింతకు సరుకైంది. విడుదలకు సరిగ్గా ముందురోజు, అక్టోబర్ 30న, మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఉంది. రెండు రోజుల ముందు గుర్‌గావ్ కచేరీ చివరి నిమిషంలో ఆగిపోవడంతో, ఈ దేశంలో వాళ్లు వాయించిన మొదటి రాత్రి అదే అయింది. హైదరాబాద్ నుంచీ కుర్రాళ్లు వెళ్లారు. పాతికేళ్ల పాటల కోసం గొంతు చించుకున్నవాళ్లకు మర్నాడు మార్కెట్లోకి వచ్చింది ‘లూలూ’.

రీడ్ 2013లో కన్నుమూశాడు. 2015లో ఆయన భార్య లోరీ ఆండర్సన్ ఒక సభలో, ఇది రీడ్ చేసిన వాటిలోకెల్లా గొప్పదని డేవిడ్ బోవీ తనతో అన్నాడని చెప్పింది. ఆ ఒక్క మాటతో ఆల్బమ్‌ను మళ్లీ తీసి విన్నవాళ్లున్నారు. కొందరికి నచ్చింది. మిగతావాళ్లకు బోవీ మీద గౌరవం కాస్త తగ్గింది. ఇక్కడ కొలవడానికి పౌనఃపున్యాల్లేవు, సరిచేయడానికి లీవరు లేదు. బేస్ పెంచినా, స్నేర్ మార్చినా ‘లూలూ’ను ద్వేషించేవాడి మనసు మారదు.

కొత్త శ్రోతలు వచ్చే కొద్దీ ఈ పంచాయితీలో సాక్షుల వరస మారిపోతోంది. 2022లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్‌లో ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ మోగాక, ఆ పాటకు ముప్పై ఆరేళ్లని తెలియని పిల్లలు బ్యాండు దగ్గరికి వచ్చారు. వాళ్లు ఆల్బములను విడుదలైన వరసలో వినరు. ‘లోడ్’ ముందు విని, ‘రైడ్ ది లైట్నింగ్’ తర్వాత వినేవాడికి జుట్టు ఎప్పుడు కత్తిరించారో తెలియదు, పట్టదు. దారి గురించిన ఫిర్యాదులు వాళ్ల చెవిలో పడవు. ఆ స్నేర్ ఏంటి ఇలా ఉంది అని మాత్రం వాళ్లూ అడుగుతారు.

ఇన్ని వాదనలకు బ్యాండు జవాబు చిత్రమైనది. తప్పుల్ని కాదనదు, దిద్దదు. 2018లో ‘జస్టిస్’ ముప్పై ఏళ్ల సందర్భంగా కొత్తగా మాస్టరింగ్ చేసి పెద్ద పెట్టెలో తెచ్చారు. బేస్ ఎక్కడ ఉండేదో అక్కడే ఉంది. ‘జస్టిస్’లో అడుగు శబ్దం ఇంకాస్త ఉంటే బాగుండేదని, ‘సెయింట్ యాంగర్’లో ఆ రేకు మోత కాస్త తగ్గితే బాగుండేదని హెట్‌ఫీల్డ్ 2017లో ఒప్పుకుంటూనే, అవి తమ చరిత్రలో భాగం కాబట్టి ముట్టుకోనన్నాడు. ఉల్‌రిక్ అయితే ఆ స్నేర్ విషయంలో వెనక్కి తగ్గడం లేదు.

పాత ఆల్బములను విడుదల వరసలో బయటికి తెస్తున్న క్రమంలో 2025 జూన్‌లో ‘లోడ్’ వంతు వచ్చింది. ఒకప్పుడు ఇంట్లో ఉంచుకోవడానికే సిగ్గుపడ్డ ఆల్బమ్‌కు బోలెడు సీడీలు, ఎల్పీలు, డీవీడీలతో పెద్ద పెట్టె తయారైంది. దాన్ని కొనుక్కున్నవాళ్లలో 1996లో తిట్టినవాళ్లూ ఉన్నారు. ఇదే వరస కొనసాగితే ఎప్పుడో ఒకప్పుడు ‘సెయింట్ యాంగర్’ వంతూ రావాలి. తీగలు బిగించిన స్నేర్‌తో అదనపు డిస్కు ఒకటి పెట్టాలని ఒక వర్గం ఇప్పటికే అడుగుతోంది. అలా పెడితే తాము కొనేది లేదని రెండో వర్గం.